పడవకూ ఒక నీరుగంటి కావాలి

మా తమ్ముడి పడవని ఈ చలికాలం ఏం చెయ్యాలన్న విషయం మీద పదిహేను రోజులుగా మా కుటుంబంలో మాటలు నడుస్తున్నాయి. ఆనేకల్‌లో ఉన్నవాళ్ళం, హొసూరు వాళ్ళు, అమెరికా వాళ్ళు, అందరం తలో మాటా అన్నాం. ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది గనక నా ఉద్దేశం ఏమిటో ఇక్కడ రాసి పెడుతున్నాను. విషయం మా ఇంటిదే. అయినా పెద్దవాళ్ళ వస్తువు ఒకటి చేతికొచ్చి, దాన్నేం చెయ్యాలో తోచక మూల పెట్టుకున్న ఇళ్ళు చాలానే ఉంటాయి. వాళ్ళకీ పనికి రావచ్చు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మావాళ్ళు మడకశిర వైపు నుంచి వచ్చి ఆనేకల్‌లో స్థిరపడి ఐదు తరాలయింది. చెరువు కింద సేద్యం చేసిన వంశం. నీళ్ళంటే మాకు తూము, కాలవ, మడి. నీళ్ళ మీద నడవడం మా ఇంటా వంటా లేదు. మా తమ్ముడు ఉద్యోగానికని మిషిగన్ వెళ్ళి, అక్కడ ఎవరి దగ్గరో పాత తెరచాప పడవ కొన్నాడు. మా వంశంలో సొంత పడవ ఉన్నవాడు వాడొక్కడే. పోయిన ఉగాది ముందు వాడు వెళ్ళిపోయాడు. ఈ వేసవంతా పడవ నీళ్ళలోకి దిగలేదు. ఇప్పుడు ఆశ్వయుజం వచ్చింది, అక్కడ చలి మొదలైంది.

మాటలు మూడు రకాలుగా ఉన్నాయి. మా మరదలు, "ఆయన గుర్తుగా అట్లాగే ఉండనీండి బావగారూ, పైన ఓ పట్టా కప్పి గరాజ్ పక్కన పెట్టేస్తాం" అంటోంది. తమ్ముడి కొడుకు టెక్సస్‌లో ఉన్నాడు. వాడు రాలేడు, "అమ్మేద్దాం" అంటున్నాడు. హొసూరు అక్కయ్య, "ఈత రాని ఇంట్లో పడవెందుకు, ఎవరికైనా ఇచ్చేయండి" అని తేల్చేసింది. నా మాట నాలుగోది. ఈ చలికాలానికి పడవని శుభ్రంగా, శాస్త్రప్రకారం కట్టిపెట్టాలి. దాన్ని చూసుకునే మనిషి ఒకరి పేరు ఇప్పుడే ఖాయం చెయ్యాలి. అలా పేరు చెప్పుకునే మనిషి దొరక్కపోతే మాత్రం అక్కయ్య చెప్పినట్టే చేద్దాం. పట్టా కప్పి వదిలెయ్యడం అన్నది మాత్రం వద్దు.

ఎందుకు వద్దో చెప్తాను.

కన్నడంలో ఆనెకల్లు అంటే వడగల్లు. మా ఊరికి మంచుగడ్డతో ఉన్న చుట్టరికం ఆ పేరు వరకే. ఎండాకాలం చివర ఎప్పుడో ఓ వానలో నాలుగు వడగళ్ళు రాలితే పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకుంటారు, అంతే. అందుకే నీళ్ళు గడ్డకడితే వస్తువుకి ఏమవుతుందో మనకి ఊహకి రాదు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఫ్రీజర్‌లో నిండుగా నీళ్ళు పోసి పెట్టిన సీసా పగలడం చూసినవాళ్ళకి ఇది తెలుసు. పడవలో ఒక సందులో చెంబెడు నీళ్ళు మిగిలిపోయాయనుకోండి. గడ్డకట్టి సందుని వెడల్పు చేస్తుంది. కరిగి ఇంకా లోపలికి దిగుతుంది. మళ్ళీ గడ్డకడుతుంది. మిషిగన్‌లో ఒక్క చలికాలంలోనే ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. వసంతంలో పట్టా తీసేసరికి పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం చీలిక ఉంటుంది. పడవలు తుఫానులో పోతాయని మనం అనుకుంటాం. చిన్న పడవలు ఎక్కువగా పోయేది ఒడ్డున, ఎవరూ చూడని చోట, పట్టా కిందే.

మా తమ్ముడిది లేజర్ అనే రకం పడవ. కెనడాకి చెందిన బ్రూస్ కిర్బీ గీసిన నమూనా. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఒక్క మనిషి నడిపేది, ఒకే తెరచాప. అడుగు భాగం అరవై కిలోల లోపే, ఇద్దరు మనుషులు ఎత్తగలరు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఈ రకానికి పోటీలున్నాయి. మనకి తెలియని వస్తువేమీ కాదు. వానాకాలంలో హైదరాబాదు వెళ్ళినవాళ్ళు హుస్సేన్‌సాగర్ మీద తెల్ల తెరచాపలు వరసగా వాలుతూ పోవడం చూసే ఉంటారు. వాటిలో ఈ రకమూ ఉంటుంది. దక్కను చెరువుల మీద గాలి బాగా తగిలేది నైరుతి రుతుపవనాల్లోనే గనక అక్కడి పందేలు ఆ రోజుల్లోనే పెడతారు. అంటే ఇక్కడ జులైలో తెరచాప ఎత్తుతారు, అక్కడ అక్టోబరులో దించుతారు. పడవ ఒకటే అయినా పంచాంగం ఆ ఊరి నీళ్ళది.

ఈ పంచాంగం మాట మనవాళ్ళకి బాగా తెలిసిందే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ విశాఖలోనో కాకినాడలోనో రేవుకి వెళ్ళి చూడండి, ఎవరూ ఊరికే కూర్చోరు. బోట్లు ఒడ్డుకెక్కించి నాచు గీకుతారు, పలకలు మారుస్తారు, రంగులేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. బోటుకి అది విశ్రాంతి, మనుషులకి అదే పని. పాత తెప్పల సంగతీ అంతే. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసక మీద ఆరబెట్టేవారు. తడి పీల్చిన దుంగ బరువెక్కుతుంది, తొందరగా కుళ్ళుతుంది. వాళ్ళకి పడవని కట్టిపెట్టడం ఏడాదికొకసారి చేసే పని కూడా కాదు, రోజూ చేసేదే.

మా ఆనేకల్‌కి దగ్గర్లో పడవ చూడాలంటే హొగెనకల్ వెళ్ళాలి. మనం పుట్టి అంటాం, కన్నడంలో హరిగోలు, అరవంలో పరిసల్. వెదురు అల్లిక మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. కావేరికి వరద ఎక్కువైతే అక్కడి అధికారులు పుట్టిలు ఆపేస్తారు. అప్పుడవన్నీ గట్టున వరసగా బోర్లించి ఉంటాయి. వాననీరు లోపల నిలవకూడదు, వెదురుకి గాలి తగలాలి. ఇంజనీరింగు చదవని మనిషి చేసే ఆ పనికీ, మిషిగన్‌లో పడవ భద్రపరిచే పద్ధతికీ తేడా ఏమీ లేదు. నీరు నిలవనీయకు, గాలి ఆడనీ, బరువు ఒక్కచోట పడనీయకు. మూడే సూత్రాలు.

ఇంకా మన ఇంటికి దగ్గరి మాట చెప్పాలంటే చెరువు ఉంది కదా. చెరువులో పూడిక తీసేది ఎప్పుడు? నీళ్ళు నిండి అందంగా ఉన్నప్పుడా? ఎండిపోయినప్పుడే. మే నెలలో బండి కట్టుకుని వెళ్ళి ఒండ్రు తవ్వి పొలానికి తోలుకునేవారు. కట్ట గండ్లు, తూము చీలికలు చూసుకునేదీ అప్పుడే. ఆ పని చెయ్యని ఏడాది చెరువు ఏమీ అనదు. పదేళ్ళు ఊరుకుంటే అప్పుడు చెప్తుంది. ఈ చెరువుకి ఒక మనిషి ఉండేవాడు, నీరుగంటి. తూము తియ్యడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో చూడడం, కట్ట మీద తిరిగి లోపం ఉంటే ఊరికి చెప్పడం అతని పని. ఊళ్ళో అందరికీ చెరువు మీద ప్రేమ ఉండేది, బాధ్యత మాత్రం అతని పేరున ఉండేది. 1961 నాటి గ్రామ పదవుల రద్దు చట్టం తరవాత అలాంటి వంశపారంపర్య ఊరి పదవులు క్రమంగా పోయాయి. ఒకే కుటుంబాన్ని ఒకే పనికి కట్టెయ్యడం పోవడం మంచిదే. కానీ చాలా ఊళ్ళలో ఆ మనిషితో పాటు ఆ పని కూడా పోయింది. అందరిదీ అన్న చెరువు ఎవరిదీ కాకుండా అయింది. మా చుట్టుపక్కల కెరెలు కొన్నిటి గతి ఏమైందో నేను రాయక్కర్లేదు, సర్జాపురం దారిలో వెళ్ళేవాళ్ళు రోజూ చూస్తున్నారు.

మా నాయనమ్మ వీణ విషయమూ ఇదే. ఆవిడ పోయాక జ్ఞాపకంగా ఉండాలని పట్టుగుడ్డ చుట్టి బీరువా మీద పెట్టారు. అందరికీ దాని మీద భక్తే. దసరాకి దించి పసుపుకుంకుమ పెట్టి మళ్ళీ ఎక్కించేవారు. మెట్ల కింద మైనం ఎండిపోయి, మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. తప్పు ఫలానా వారిదని చెప్పడానికి లేదు, ఎందుకంటే అది ఫలానా వారి పని అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. మరదలు "గుర్తుగా ఉండనీండి" అన్నప్పుడు నాకు ఆ వీణే కళ్ళ ముందు ఆడింది. గుర్తుగా ఉంచడం మంచి మాటే, అయితే వస్తువు బతికి ఉంటేనే అది గుర్తు.

ఇక అమ్మెయ్యడం. అబ్బాయి మాట నేను కొట్టిపారెయ్యను. వాడు దూరాన ఉన్నాడు, కొత్త ఉద్యోగం, పడవ వాడి జీవితంలో లేదు. నడపనివాడి దగ్గర కంటే నడిపేవాడి దగ్గర పడవ ఉండడం పడవకే మంచిది. అమ్మడం ద్రోహం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే మనిషి పోయిన ఏడాదిలోనే అలాంటి నిర్ణయాలు వద్దంటాను. మరదలు ఇంకా ఆయన బూట్లు గుమ్మం దగ్గర నుంచి తియ్యలేదు. ఒక చలికాలం పడవని సరిగ్గా కట్టిపెడితే మనకి ఎనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. వసంతంలో అమ్మినా, బాగున్న పడవనే అమ్ముతాం. అదీ గాక, నాకు తమ్ముడి కూతురు ఒకతి ఉంది, దాని సంగతి చివర చెప్తాను.

ఇప్పుడు పని. తమ్ముడు ఏటా ఎలా చేసేవాడో నాకు ఫోన్లో చూపించేవాడు. దానితో పాటు తెలిసినవాళ్ళని అడిగి వరసగా రాస్తున్నాను.

మొదటిది నీళ్ళు తియ్యడం. పడవ వెనక భాగాన ఉండే బిరడా తీసి, ముందు భాగం ఎత్తి పెట్టి, లోపల ఉన్నదంతా కారనివ్వాలి. లేజర్ అడుగు పైనా కిందా మూసిన డొల్ల గనక లోపలి తడి కంటికి కనబడదు. ఊపి, చప్పుడు వినాలి. మూతలున్నచోట మూతలు తీసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తెరచాప స్తంభం దిగే గుంట ఒకటుంటుంది, అందులో నీళ్ళు నిలిస్తే గడ్డకట్టి ఆ గొట్టమే చీలుతుంది. గుడ్డతో తుడిచి పొడిగా చెయ్యాలి. ఆ గుంట కారుతోందో లేదో తెలియాలంటే ముందురోజు నిండా నీళ్ళు పోసి చూడాలి. మట్టం తగ్గితే బాగుచేయించాల్సిందే. అది తేలాక మళ్ళీ తుడిచెయ్యాలి. నీళ్ళు తియ్యడం ఆ రాష్ట్రంలో చట్టం కూడా. 1988లో అక్కడి సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్ అనే బయటి ఆల్చిప్ప బయటపడింది. అలాంటివి ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పోకుండా, పడవని రోడ్డెక్కించే ముందు నీరంతా తీసెయ్యాలని 2019 నుంచి అక్కడ నియమం ఉంది.

రెండోది కడగడం. మంచినీళ్ళతో, కొంచెం సబ్బుతో. నాచు గీతలు ఎండిపోతే వసంతానికి రాయిలా పడుంటాయి. తాళ్ళన్నీ విప్పి, ముళ్ళు తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరెయ్యాలి. ముడి వేసి వదిలిన తాడు అక్కడే అరుగుతుంది. కప్పీలు తిరుగుతున్నాయా, మేకులు వదులయ్యాయా, ఎక్కడ గీత పడింది అన్నది కడిగేటప్పుడే తెలుస్తుంది.

మూడోది తెరచాప. నాలుగు మడతలు పెట్టి మూటకట్టకూడదు. చీరని ఏళ్ళ తరబడి ఒకే మడత మీద పెడితే చిరుగుతుందని మన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. పూర్తిగా ఆరాక చాపలా చుట్టి ఇంట్లోనే పెట్టాలి. గరాజ్‌లో పెడితే చలికి ఎలుకలు అందులో కాపరం పెడతాయి.

నాలుగోది చుక్కాని, మధ్య చీలికలోంచి నీళ్ళలోకి దించే పలక. రెంటినీ గోడకి వాలుగా పెట్టి వదిలితే నెలల తరబడి అలాగే ఉండి వంగుతాయి. పరుపు మీద పడుకోబెట్టాలి, లేదా నిలువుగా వేలాడదియ్యాలి. చుక్కాని పిడి కర్రదైతే వార్నిష్ పోయిన చోట మళ్ళీ పూయాలి.

ఐదోది పడవని నిలబెట్టడం. నేల మీద పెట్టకూడదు. రెండు దూలాలకి పాత కంబళి చుట్టి, వాటి మీద బోర్లించి, గట్టి అంచుల మీద బరువు పడేట్టు చూడాలి. అడుగు పలచన, అక్కడ ఒక్కచోటే ఆనితే పల్లం పడుతుంది. గట్టిగా బిగించిన పట్టీలు కూడా ఆకారం చెడగొడతాయి, గాలికి ఎగరకుండా ఉంటే చాలు. పైన పట్టా గుడారంలా వాలుగా ఉండాలి. మధ్యలో గుంట పడితే మంచు పేరుకుని ఆ బరువే పడవని నొక్కుతుంది. రెండు చివర్లా గాలి ఆడే సందు వదలాలి. పాలిథీన్ చుట్టేసి బిగిస్తే లోపల చెమట పట్టి బూజొస్తుంది.

ఆరోది బండి, అంటే ట్రెయిలర్. చక్రాల ఇరుసుల్లో గ్రీజు చూడాలి, టైర్లలో గాలి నింపాలి, వీలైతే చక్రాలు నేల నుంచి ఎత్తి పెట్టాలి.

అంతే. ఇద్దరు మనుషులకి ఒక శనివారం, ఆదివారం. డబ్బిచ్చి చేయించే చోట్లు అక్కడ ఉన్నాయి, చాతకానివాళ్ళకి అవి మంచివే. అయినా ఒక్కసారైనా చేత్తో చెయ్యాలంటాను. కడిగిన చెయ్యికి తెలిసినంతగా పడవ సంగతి బిల్లు కట్టిన చెయ్యికి తెలియదు.

తేదీ ఏది అంటారా? ఆయుధపూజ దాటిన మొదటి శనివారం. మన ఊళ్ళో ఆ రోజు ఏం చేస్తాం? కారూ, స్కూటరూ, మగ్గమూ, కుట్టుమిషనూ కడిగి తుడిచి నూనె వేశాకే గదా కుంకుమ పెడతాం. పూజకి ముందున్న ఆ కడగడమే అసలు సంగతని మా నాన్నగారు అనేవారు. అక్కడి చలికీ ఆ తేదీ సరిగ్గా సరిపోతుంది, సరస్సు గడ్డకట్టడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. నవంబరు దాకా ఆగొద్దు. నవంబరు గాలి ఆ సరస్సుల్లో ఎలాంటిదంటే, 1975 నవంబరు 10న సుపీరియర్ సరస్సు మీద ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే పెద్ద సరుకు ఓడే 29 మందితో సహా మునిగిపోయింది. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఏ తీరంలో ఉన్నా నవంబరుని నమ్మకూడదు.

ఇక నీరుగంటి. నా ఓటు తమ్ముడి కూతురికి. పదహారేళ్ళది. నాన్నతో కలిసి రెండు వేసవులు ఆ పడవ ఎక్కింది, ఈత వచ్చు. ఇన్ని మాటల్లో దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. "ఆడపిల్ల ఒక్కతీ పడవేంటి" అని అక్కయ్య అంటుందని తెలుసు. అక్కయ్యా, 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో మన నౌకాదళం ఆడపిల్లలు ఆరుగురు బయల్దేరి, భూమి చుట్టి, 2018 మే నెలలో తిరిగొచ్చారు. వాళ్ళలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు. చివరి దశలో చుక్కాని తిప్పే యంత్రం ఇబ్బంది పెడితే మారిషస్‌లో ఆగి, బాగుచేసుకుని మరీ వచ్చారు. మా పిల్ల ఒక చిన్న సరస్సులో, లైఫ్ జాకెట్ వేసుకుని, తోడుతో వెళ్తుంది. దానికి భయపడొద్దు.

అయితే దాని మీద రుద్దడం కూడా నాకిష్టం లేదు. నాన్న పడవ గనక నువ్వు నడపాల్సిందే అంటే అది ప్రేమ కాదు, శిస్తు. అందుకే గడువు పెడదాం. ఈ దసరాకి అది, వాళ్ళమ్మ కలిసి పడవని కట్టిపెట్టాలి. అబ్బాయి ఆ ఒక్క శనివారానికి రావాలి, టికెట్టు నేను కొంటాను. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఏం చేశారో, ఎక్కడ గీత ఉందో, బిరడా ఏ డబ్బాలో పెట్టారో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయాలి. వచ్చే జూన్ నెలాఖరు లోపల పిల్ల తనంతట తాను పడవని నీళ్ళలో దింపితే పడవ దానిది. దింపకపోతే, అక్కడ పిల్లలకి తెరచాప నేర్పే బడి ఒకదానికి ఇచ్చేద్దాం, ఆ నోటుపుస్తకంతో సహా. అప్పుడు మరదలు బాధపడక్కర్లేదు. ఆయన పడవ ఎవరో ఒక పిల్లవాడి చేతిలో గాలి పట్టుకుని వెళ్తూ ఉంటుంది.

ఈ లెక్క పడవకి మాత్రమే అనుకోవద్దు. ఆనేకల్ పేటలో మన పాత ఇల్లుంది, తాళం వేసి నాలుగేళ్ళయింది. అందరికీ ప్రేమే. పెంకులు తిప్పించేది ఎవరు, వాన తరవాత వెళ్ళి చూసేది ఎవరు? దీపావళికి అందరూ వచ్చినప్పుడు దానికీ ఒక పేరు రాసుకుందాం. పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ ఇంటి గురించీ నిజం మాట్లాడుకుందాం.